సగము భారతము చదివినవారు

సంపుటములుగా వెలువడు గ్రంథమును చేతి కెత్తుకొనుటకు ముందు "ఇది పూర్తియైనదా?" యని యడుగు పాఠకులు నేడు పెక్కురు కలరు. మొదటి సంపుటము మిక్కిలి బాగున్నదని విన్నను వారు కొనరు. కడపటిది వచ్చిన పిదప అన్నియు నొక్కసారిగా కొందమని యూరకుందురు. వారి శంక నిరాధారము గాదు. రచయిత గతింపవచ్చును, ప్రకాశకులు చేతులు ముడుచుకొనవచ్చును, కొన్న మొదటి సంపుటము తోడులేని యెద్దువలె అలమరలో నిలిచిపోవచ్చును. అయినను అందరు నట్లే వేచియున్నచో రెండవ సంపుటము నచ్చొత్తించుటకు కాగితము కొనువా డెవడు? ఈ తగవు అచ్చుయంత్రముతో పుట్టినదని కొందరు తలతురు. నేనట్లు తలపను. తెలుగువారి కిది ఆదికవి నాటినుండియు నున్నదే. మనకు దక్కిన మొదటి మహాకావ్యమే భాగములుగా, అదియు వరుస తప్పి, రమారమి మూడు శతాబ్దులకు పూర్తియైన గ్రంథము. ఆ మూడు శతాబ్దుల పాఠకులు ఏమి చేసిరి? వేచియుండిరా, చదివిరా? దీనిని గూర్చి యీ ప్రసంగమున కొంత విచారింప దలచితిని.

వేంగీ చాళుక్యుడగు రాజరాజనరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడై 1061 వఱకు రాజ్యమేలెను. ఆయన కోరగా నన్నయభట్టు వ్యాసభారతమును తెనిగింప మొదలిడెను. నారాయణభట్టు ఆ కార్యమున ఆయనకు తోడ్పడెను. ఆదిపర్వము ముగిసెను, సభాపర్వము ముగిసెను. అరణ్యపర్వమున నాలుగవ ఆశ్వాసము నడుమ, శరద్రాత్రుల వెన్నెలను వర్ణించుచుండగా, గ్రంథము నిలిచిపోయెను. ఎందులకు నిలిచినదో యెన్నియో ఊహలు కలవు. కవి గతించెనని కొందరు, రాజు గతించెనని కొందరు, చిత్తభ్రమ కలిగెనని మఱికొందరు. ఈ కడపటి కథను పుట్టించినవారి చిత్తమును గూర్చియే నాకు సందేహము. నన్నయ పర్వమును పూర్తిచేసియే యుండెననియు, శేషభాగము పిమ్మట శిథిలమైపోయినదనియు వాదించువారును కలరు. వారి వాదమునకు ఆధారము లేకపోలేదు. తిక్కన తన పీఠికలో నన్నయ మూడు పర్వములను రచించెనని స్పష్టముగా చెప్పెను, రెండున్నర యనలేదు.

ఏది యెట్లున్నను ఒక్క విషయము నిశ్చయము. నన్నయకు తిక్కనకు నడుమ గడచినది సుమారు రెండువందల యేండ్ల కాలము. ఆ కాలమున తెలుగు భారతము మొదలు మాత్రమే యున్న గ్రంథము. అట్టి గ్రంథము ఆ రెండువందల యేండ్లు ఎట్లు బ్రతికినది? తాటియాకు అచ్చుకాగితము వంటిది గాదు. అరలో పెట్టి మఱచినచో పురుగు తినును, చెమ్మకు కుళ్ళును, అంచులు రాలును. కొన్ని తరముల కొకసారి ఎవడో యొకడు గంటము పట్టి మరల వ్రాసుకొననిచో ఏ కావ్యమును నిలువదు. మరల వ్రాసుకొనుట యనగా నెలల తరబడి పని. చదువనివాడు, చదివించుకొననివాడు అంత శ్రమకు పూనుకొనడు. కావున నన్నయ రచన మనకు దక్కుటయే, ఆనాటి పాఠకులు పూర్తికై కాచుకొని కూర్చుండలేదనుటకు సాక్ష్యము. పాండవు లడవిలో ఉండగానే తెలుగు కథ ఆగిపోయినది. వా రెన్నటికి నగరమునకు మరలివత్తురో తెలియదు. అయినను చదివిరి, వ్రాసుకొనిరి.

ఇట చిన్న భేదమును గుర్తింపవలెను. భారతకథ శ్రోతలకు క్రొత్త కాదు. దుర్యోధనుని తొడలు విఱుగుననియు, ధర్మరాజు పట్టము గట్టుకొనుననియు పల్లెలో పసివానికిని తెలియును. ఆనాటివా రెదురుచూచినది కథకు గాదు, పలుకునకు. ఆ ఘట్టము తమ భాషలో ఎట్లుండునో వినవలెనని వారి యభిలాష. ఇంగ్లండులో చార్లెస్ డికెన్సు 1870 ఏప్రిలు మొదలుకొని నెలకొక భాగముగా ఎడ్విన్ డ్రూడ్ కథను ప్రకటింప నారంభించెను. పండ్రెండు భాగములని సంకల్పము. జూన్ 9వ తేదీన ఆయన మరణించునప్పటికి ఆరు భాగములకు సరిపడు వ్రాతయే జరిగియుండెను. డ్రూడ్ ఏమైనాడో, చంపబడినచో చంపినవా డెవడో ఆ కథను చదివినవారు నేటికిని వాదించుచునే యున్నారు. అట్టి గ్రంథమునకు తుది లేకపోవుట తాళపుచెవి లేకపోవుట వంటిది. నన్నయ భారతమునకు తుది లేకపోవుట అట్టిది గాదు. సగము పాడి నిలిపిన పాటవలె, పాడినంతవఱకు అది పాటయే.

ఇక తిక్కన. నెల్లూరి మనుమసిద్ధి కొలువున నున్న యీ మహాకవి పదమూడవ శతాబ్దిలో భారతమును చేపట్టెను. ఎవరైనను నిలిచిన చోటినుండి ఎత్తుకొందురు. ఆయన యెత్తుకొనలేదు. అరణ్యపర్వమున నున్న గండిని అట్లే విడిచి, నాలుగవదగు విరాటపర్వముతో మొదలిడి, పదునేను పర్వములను తుదముట్ట రచించెను. ఎందుచేత? అరణ్యపర్వమును ముట్టినవానికి కీడు మూడునను భయముచేత నని లోకులు చెప్పుకొందురు. పర్వము పూర్ణముగనే యున్నదని యాయన యెఱిగియుండుటచేత నని కొందరు పండితు లందురు. ఈ రెండింటిలో రెండవది నమ్మదగినది. అయినను దానికి తోడుగా నాకు తోచిన కారణ మొకటి మనవి చేయుదును.

విరాటపర్వము దానియంతట నది యొక సంపూర్ణ కథ. ఒకే సంవత్సరము, ఒకే నగరము. మాఱుపేరులతో ప్రవేశించుట మొదలు, గోగ్రహణముతో బయటపడి ఉత్తరాభిమన్యుల వివాహముతో ముగియుట వఱకు అన్నియు నందే కలవు. ముందు పర్వములు చదువనివానికిని అది యర్థమగును. తరువాతి పర్వములు రాకపోయినను అది వెలితిగా కనబడదు. పదునేను పర్వముల పని పెట్టుకొన్న కవికి తన యాయుర్దాయ మెంతయో తెలియదు. మొదటి పర్వమే వినువారిని తృప్తిపఱచి, తక్కినవానిని కోరుకొనునట్లు చేయవలెనన్న అంతకంటె తగిన మొదలు భారతమున నింకొకటి లేదు. ఆ పర్వము పలు రసములకు నెలవని పీఠికలో ఆయనయే చెప్పెను. అంతేకాదు, ఈ పదునేను పర్వములు జనులు ప్రార్థించి కోరుకొనునట్టివిగా నుండవలెనని కూడ నచ్చటనే యనెను. ఆ సమాసమునకు 'కోరదగినవి' యని యర్థము చెప్పుటయే వ్యాకరణమునకు దగ్గర. అయినను అందలి 'జన' శబ్దమును నేను తేలికగా విడువజాలను. బుధుల సంతోషమును వేఱుగా చెప్పినవాడు జనుల కోరికను గూడ చెప్పెను. రెండువందల యేండ్లుగా మిగిలిన పర్వములకై యడుగుచున్నవారి గొంతు అందు వినబడుచున్నట్లు నాకు తోచును.

తిక్కన యెత్తు ఫలించినది. నేటికిని కొన్ని యెడల భారతపురాణమును విరాటపర్వముతోనే మొదలిడుదురు. వానలు వెనుకబడిన యేట విరాటపర్వమును చదివించుట తెలుగుదేశపు పల్లెలలో ప్రసిద్ధమైన యాచారము. వాన కురియుటకును గోగ్రహణమునకును సంబంధమేమో పౌరాణికులే చెప్పవలెను. మా యింట విరాటోద్యోగములు మాత్రమే కలిపి కట్టిన పుస్తక మొకటి యుండెడిది. అట్ట చినిగి, అంచులు నూనెచేతులచే నల్లబడియుండెను. తక్కిన పదునాఱు పర్వములు లేవే యని మా పెద్దలలో నెవరును విచారించిన జ్ఞాపకము నాకు లేదు.

మఱి యరణ్యపర్వపు గండి? తిక్కన పిమ్మట చాలకాలము దాని నెవరును పూడ్చలేదు. పదునైదు పర్వముల భారతమును చదివినవారు ద్రౌపదిని నన్నయ చేతి యడవిలో విడిచి, తిక్కన చేతి విరాటనగరమున మరల కలిసికొనెడివారు. నడుమ ఘోషయాత్ర, సావిత్రి కథ, యక్షప్రశ్నలు ఈ గ్రంథమున తెలుగున లేవు. పదునాలుగవ శతాబ్ది పూర్వార్ధమున అద్దంకి రెడ్డిరాజగు ప్రోలయ వేమారెడ్డి యాస్థానకవి ఎఱ్ఱన దానిని పూరించెను. నన్నయ శరద్రాత్రుల వెన్నెలలో విడిచిన కథను ఆయన శరత్కాలపు సూర్యోదయముతో నందుకొనెను. రాత్రికి తరువాత తెల్లవాఱుటయే కదా! ఆ నడుమ కొన్ని తరములు గడచినట్లు చదువరికి తెలియనే తెలియదు. ఇంకొక విశేషము. ఆశ్వాసముల మొదటను తుదను కృతిపతిని పిలుచుట కవుల మర్యాద. ఎఱ్ఱన తన యేలికను పిలువలేదు. అప్పటికి మూడు శతాబ్దులకు చేరువగా స్వర్గస్థుడైయున్న రాజరాజనరేంద్రుని, ఎదుట కూర్చుండి వినుచున్నట్లే సంబోధించెను. గ్రంథము నారంభింపించినవాని పేరిటనే గ్రంథమును ముగించుట యన నిది. ఇంతటి వినయమును చేయింపజాలినది, నడుమ తరములవారు సగము భారతమును పాఱవేయక నిలిపియుంచుటయే. వారు "పూర్తియైన పిమ్మట చూతము" అనుకొన్నచో పూరించుటకు ఎఱ్ఱన ముందు గండియు నుండెడిది గాదు, గట్టును నుండెడిది గాదు.

అచ్చు వచ్చిన పిమ్మట ఆ భారతమే కలకత్తాలో మరల ఖండములుగా వెలువడెను. ప్రతాపచంద్ర రాయ్ అను పుస్తకవర్తకుడు 1883లో వ్యాసభారతమున కింగ్లీషు అనువాదమును ప్రకటింప మొదలిడెను. ఆయన స్థాపించిన దాతవ్య భారత కార్యాలయము పేరునకు తగినదే. ఎన్నో ప్రతులను ఉచితముగా పంచిపెట్టెను. అనువదించినవాడు కిశోరీమోహన గంగూలీ. ముఖపత్రమున ఆయన పేరైన లేదు. మొత్తము నూఱు ఖండములు. ఇట్టి ప్రచురణమున నెలనెలకు రొక్కము కావలెను. పూర్తియైన పిదప ఇచ్చెదమను దాతతో పని జరుగదు. రాజులు కొందరు, ప్రభుత్వము కొంత, చేరిక గలవారు కొంత ఇచ్చుచుండగా పని సాగినది. 1895లో రాయ్ మరణించెను, గ్రంథమింకను ముగియలేదు. ఆయన భార్య సుందరీబాల భర్త కోరిక మేరకు మిగిలిన ఖండములను వెలువరించి 1896లో గ్రంథమును పూర్తి కావించెను. పండితులు ఆయన పేరును, నేనీ ప్రసంగమున చేసినట్లే, ముందు చెప్పుదురు. ఆమె పేరు చెప్పువా రరుదు.

మన భాషలో నింత యదృష్టము లేని ప్రయత్నమొకటి కలదు. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు 1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలికి ప్రాణము వంటివారు. ఆ మండలి గ్రంథమాలలో 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్ర వెలువడినది. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రమునకు 1910లో ప్రథమభాగము, 1912లో ద్వితీయభాగము వచ్చినవి. తమకొక చరిత్ర కలదని తెలిసికొన్నవారు తక్కిన భాగములకై యాగలేదు. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగినది. గ్రంథమాల యన్నపుడు ఒక్కొక్క పువ్వు విడిగనే వాసన నిచ్చును గదా. కాని లక్ష్మణరావుగారు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము మాల కాదు. అది అకారాదిక్రమమున రావలసిన గ్రంథము. మూడు సంపుటములు వెలువడినవి. అందు వివరింపబడినవి అకారముతో మొదలగు విషయములు మాత్రమే. 'ఆంధ్ర' శబ్దమునకు సంబంధించిన విషయములను కూర్చుచుండగా 1923లో, నలువదియాఱేండ్ల ప్రాయమున, ఆయన మృతినొందిరి.

ఆ మూడు సంపుటములు నాకు పరమాదరణీయములు. అయినను చందా కట్టినవాని పక్షమున నొక్క మాట చెప్పక తప్పదు. అద్వైతము అకారమున వచ్చును. ద్వైతమునకు దకారము దాక, విశిష్టాద్వైతమునకు వకారము దాక ఆగవలెను. అకారము దాటుటకే మూడు సంపుటములు పట్టినపుడు హకారమునకు చేరుట ఏ తరమువారి వంతు? ఇట్టి గ్రంథమును కొనుటకు వెనుదీసినవానిని భాషాభిమానము లేనివాడని నిందింపజాలను. అక్షరక్రమమున కోసిన ముక్క ముక్కయే. పర్వక్రమమున కోసిన ముక్క గ్రంథము. లక్ష్మణరావుగారి పాండిత్యమున లోపము లేదు, శ్రమలో లోపము లేదు. కోతలోనే చిక్కున్నది. 1930ల దశకమున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ సర్వస్వమునకు మరల ప్రాణము పోయ పూనుకొనిరి. 1938లో వారును గతించిరి. 1947లో స్థాపితమైన తెలుగు భాషాసమితి తన విజ్ఞాన సర్వస్వమును విషయానుసారముగా, చరిత్ర కొక సంపుటము, శాస్త్రముల కొక సంపుటమని విభజించెను. కారణమేదైనను దాని ఫలము కంటి కగపడుచున్నది. ఒక్క సంపుటమే దొరకినవాడును దానిని గ్రంథముగా చదువగలడు. ఇది తిక్కన నాటి కోత.

పుణ్యపట్టణమున భాండార్కర్ ప్రాచ్యవిద్యా సంశోధన మందిరమువారు 1919లో మహాభారత సంశోధిత పాఠమునకు పూనుకొనిరి. తాళపత్రములును కాగితపు ప్రతులును కలిపి 1,259 వ్రాతప్రతులను పరిశీలించినట్లు లెక్క. అందు పెక్కు ఒక్కొక్క పర్వమునకు వ్రాసినవియే. అనగా దేశమంతటను భారతమును పర్వములుగనే వ్రాసుకొనిరి, పర్వములుగనే దాచుకొనిరి. 1927లో ఆదిపర్వపు తొలి ఖండము వెలువడెను. 1933లో ఆ పర్వము ముగిసెను. ప్రధాన సంపాదకుడగు విష్ణు సీతారామ సుక్థంకర్ గారు పదునొకండవ శతాబ్ది నాటికి దక్షిణదేశమున భారతపాఠ మెట్లుండెనో తెలిసికొనుటకు సాక్ష్యము లరసినపుడు, వారికి చిక్కిన సాక్షులలో నన్నయ యొకడు. మధ్యలో నిలిచిన మన తెలుగు భారతము అచ్చట పనికివచ్చినది.

ఇంతకంటె చిత్ర మింకొకటి కలదు. పుణ్యపట్టణపు ప్రతియు వరుసగా రాలేదు. ఆదిపర్వము పిమ్మట వెలువడినది సభాపర్వము గాదు, అరణ్యపర్వము గాదు. 1936లో రఘువీరుని సంపాదకత్వమున విరాటపర్వము. పిదప 1940కి సుశీలకుమార దే గారి ఉద్యోగపర్వము. సుక్థంకర్ గారు స్వయముగా పరిష్కరించిన అరణ్యపర్వము 1942 వఱకు ముగియలేదు. మరుసటి యేటి జనవరిలో ఆయన పరలోకగతులైరి. సభాపర్వమునకు 1944 రావలసివచ్చెను. వేర్వేఱు పండితులకు వేర్వేఱు పర్వములను పంచియిచ్చుటచేత నిట్లు జరిగినదే గాని, తిక్కన ననుసరించి కాదు. అయినను ఆ సంపుటములను వచ్చిన వెంటనే తెప్పించుకొనిన గ్రంథాలయములలో అరణ్యపర్వపు చోటు ఖాళీగా నుండగానే విరాటపర్వము అలమరలోని కెక్కినది. 1966లో పుణ్యపట్టణమునకు వచ్చి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ మహాకార్యము ముగిసినదని ప్రకటించిరి. ప్రారంభించి అప్పటికి నలువదియేడేండ్లు. మొదటి ఖండమునకు ధనమిచ్చినవారిలో ఎందరు ఆ సభను చూచిరో!

భారతమునకు ఖిలముగా హరివంశ మొకటి కలదు. అరణ్యపర్వశేషమును పూరించిన ఎఱ్ఱనయే దానిని కూడ తెనిగించి, ఈమాఱు ప్రోలయ వేమారెడ్డి కంకితమొసగెను. పుణ్యపట్టణమువారును పని ముగిసినదని చాటిన మూడేండ్లకు, 1969లో, పరశురామ లక్ష్మణ వైద్య గారి సంపాదకత్వమున హరివంశపు ప్రథమ సంపుటమును వెలువరించిరి.